సున్నపు గీతల్లో రెండు దీపాలు

"పునాది తియ్యకముందే ఇల్లు లోపల ఎట్టా ఉంటదో చూడటం మంచిది కాదేమోనే బిందూ. ఏదన్నా చెడు కనపడితే అప్పుడేం చేస్తాం?"

నేనీ మాట అన్నప్పుడు ఇంకా ఏమీ జరగలేదు. పిడుగురాళ్ళ పొలిమేరలో మేం కొనుక్కున్న చిన్న స్థలంలో మేస్త్రి ముగ్గు పోస్తున్నాడు. ఇది వంటిల్లు, ఇది వరండా అని ఎర్రమట్టి మీద సున్నపు గీతలు ఒక్కొక్కటే పడుతున్నాయి. మా అత్త గురవమ్మ అప్పుడే తన గది గీతల్లో చాప వేసుకుని మజ్జిగ చెంబుతో కూర్చుంది. మా ఆయన బ్రహ్మయ్య గుమ్మం రాబోయే చోట నిలబడి గాలిలోనే వేలితో టకటకా కొట్టాడు.

"ఏమే తిరపతమ్మా, తలుపు తియ్యి. ఎంతసేపు నిలబడాలి ఎండలో?"

అందరూ నవ్వారు. నేను మాత్రం వెనకాల ఉన్న చిన్న చదరంలో నిలబడ్డాను. అది స్నానాల గది, దొడ్డి రెండూ కలిపిన చోటు. ఈ ఇంట్లో నేను నోరు విడిచి అడిగింది అదొక్కటే. ఇంటి లోపలే ఉండాలని.

"చెడు కనపడటానికే కదమ్మా చూసేది," అంది మా అమ్మాయి హిమబిందు. "గోడలు లేచాక కనపడితే పగలగొట్టాలి. గీతల్లో ఉండగా కనపడితే చీపురు పెట్టి చెరిపేయొచ్చు."

"చెరిపితే చెరిగేదైతే నాకు భయమెందుకే?"

"నీకు భయం లేని రోజు చెప్పు, ఆ రోజు క్యాలెండర్లో సున్నా చుడతా," అన్నాడు మా ఆయన.

బిందు గుంటూరులో ఒక ల్యాబులో పని చేస్తుంది. ఇల్లు ఇంకా ప్లాను కాగితం మీద ఉండగానే అందులో ఎండ ఎంత దిగుతుంది, ఏ గది ఎంత ఉడుకుతుంది, కరెంటు ఎంత కాలుతుంది అన్నది లెక్కగట్టే పని. అలాంటి లెక్కలు ఇదివరకే ఉన్నాయట. కాని వాటిలో మనిషంటే ఒక బల్బు. పసిపిల్ల అయినా ముసలమ్మ అయినా అంతే వేడి ఇచ్చే ఒకే బల్బు. "నువ్వూ నాయనమ్మా ఒకటే ఎట్టా అవుతారమ్మా? తను దుప్పటి కప్పుకున్న గదిలో నువ్వు విసనకర్ర పట్టుకుంటావు" అనేది బిందు. అందుకని చేతికి కట్టే బ్యాండు ఒకటి తయారుచేసింది. అది మనిషి చెమటనీ, నాడినీ, ఒంటి వేడినీ కనిపెట్టి, ఆ ఒళ్ళు ఎండకి ఎలా ఓర్చుకుంటుందో నేర్చుకుంటుంది. తర్వాత ఆ ఒంటికి నీడ లాంటిది ఒకటి తయారై, యంత్రంలో కట్టిన ఇంట్లో కాపురం చేస్తుంది. మనకి ఒక పూట గడిచేలోపు ఆ నీడకి ఏళ్ళు గడుస్తాయి. దానికి 'నీడ ఇల్లు' అని పేరు పెట్టింది.

"ఆ పేరు మార్చవే," అన్నాను. మార్చలేదు.

నిజం ఇంటితో మొదటి పరీక్ష మా ఇంటితోనే. ఆ సాయంత్రమే నాలుగు బ్యాండ్లు తీసి కట్టింది. నీలం నాన్నకి, ఎరుపు నాకు, ఆకుపచ్చ నాయనమ్మకి, పసుపు తనకి.

"నేను చెప్పేదాకా ఒక్క పూట కూడా తియ్యొద్దు. మధ్యలో ఖాళీ వస్తే నీడ నిలబడదు. నా రెండేళ్ళ పని మీ చేతులకి కడుతున్నా, ఏమనుకుంటున్నారో," అని చెప్పి బస్సెక్కింది.

*

మేముండేది సున్నపు బట్టీల వెనక, పనివాళ్ళ కోసం వేసిన రేకుల లైనులో. అన్ని కొంపలకీ కలిపి దొడ్డి లైను చివర్న ఉంటుంది. దాని పక్కనే టీ బంకు. పొద్దు ఎక్కిన దగ్గర్నించి చీకటి పడేదాకా అక్కడ బెంచీల మీద మగాళ్ళు కూర్చుని ఉంటారు. చెంబు పట్టుకుని వాళ్ళ ముందు నుంచి నడవాలి. అందుకని పగటిపూట నీళ్ళు తాగడం మా లైనులో ఆడవాళ్ళం ఎవరికి వాళ్ళం తగ్గించుకున్నాం. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. మధ్యాహ్నం అయ్యేసరికి తల పగిలిపోతుంటే కొంగు బిగించి కట్టుకుని పని చేసుకుంటాం.

మా అత్తకి ఆ గొడవే లేదు. "నా వయసులో సిగ్గేందే?" అని చెంబుల కొద్దీ మజ్జిగ తాగుతుంది. కర్ర పొడుచుకుంటా బంకు ముందుకెళ్ళి, "లెగండ్రా, గురవమ్మ వస్తంది" అని కేకేస్తుంది. వాళ్ళు లేచి పక్కకి తప్పుకుంటారు.

బ్యాండు కట్టిన మర్నాడో ఆ మర్నాడో మా ఆయన బట్టీ నుంచి మణికట్టు పట్టుకుని వచ్చాడు. నీలం పట్టా కింద ఉన్న ఇనప బిళ్ళ కాలి, చర్మం బుడగలా లేచింది.

"బట్టీ నోటి కాడ ఇనప ముక్క కట్టుకుని నిలబడమంటారా మీ తల్లీ కూతుళ్ళు? నావల్ల కాదు," అని దాన్ని గూట్లోకి విసిరేశాడు.

వెన్న రాస్తున్నానన్న మాటే గాని నా కళ్ళు గూటి మీదే ఉన్నాయి. ఖాళీ పడుతోంది. అక్కడ గుంటూరులో యంత్రానికి తెలిసిపోతుంది. బిందు రెండేళ్ళ పని పోతుంది. ల్యాబు నడిపే పెద్దాయన దాన్ని పనిలోంచి పంపేస్తాడు. అది తిండి మానేస్తుంది. హాస్టలు గదిలో ఒక్కతే ఉంటుంది. తలుపు గడియ లోపల్నుంచి వేసుకుంటుంది... ఇక ఆ పైన ఆలోచించలేక లేచి ఆ నీలం బ్యాండు తీసి నా ఎర్రదాని పైన కట్టేసుకున్నాను. మొగుడూ పెళ్ళాలం. ఒక కుండలో అన్నం, ఒక రేకు కింద నిద్ర. ఒంటి వేడిలో మాత్రం పెద్ద తేడా ఏముంటుంది అనుకున్నాను.

"ఒక చేతికి రెండు గడియారాలేందే?" అంది మా అత్త. "ఒకటి నీ టైముకీ, ఇంకోటి నీ మొగుడి టైముకా?"

మా ఆయన పగలబడి నవ్వాడు. "మంచిదేగా. ఇక నుంచి నా చెమట కూడా నువ్వే పట్టు."

బిందు చెప్పిన గడువు దాకా ఆ రెండూ నా చేతికే ఉన్నాయి.

*

మమ్మల్ని ల్యాబుకి పిలిచిన రోజు మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మా అత్త అక్కడి చలికి కొంగు తలమీదుగా కప్పుకుంది. నల్లటి బల్ల చుట్టూ కుర్చీలు. బిందు ఏదో నొక్కగానే బల్ల మీద వెలుతురుతో గీతలు పడ్డాయి. మేస్త్రి పోసిన గీతలే. వాటి మీద గోడలు లేచాయి, కప్పు పడింది, మళ్ళీ లోపల కనపడాలని కప్పు అద్దంలా పలచబడింది. గదులు చల్లగా ఉంటే నీలం, ఉడికితే ఎరుపు. లోపల నాలుగు చిన్న దీపాలు.

"ఆ దీపాలు మీరే," అంది బిందు. "ఎవరు ఎప్పుడు లేస్తారో నేనే రాసిపెట్టా. మిగతాదంతా ఆ ఒళ్ళు చేసే పనే."

ఒక దీపం అందరికంటే ముందు లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేనే కదా అది అనుకున్నాను. ఇంకోటి చాలాసేపు కదల్లేదు. "అది నేనే అయ్యుంటా," అన్నాడు మా ఆయన. ఆకుపచ్చ దీపం మాటిమాటికీ వెనక గదికి వెళ్ళొస్తుంటే బిందు నవ్వాపుకోలేకపోయింది. మా అత్త మాత్రం, "మజ్జిగ ఎక్కువైంది," అని గంభీరంగా ఒప్పుకుంది.

ఏడాది తిరగ్గానే పక్కన కరెంటు లెక్క పడింది. మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన బాగుందన్నట్టు తలూపాడు. ఆయనే బిందుకి పై ఆఫీసరు. బిందు ఏళ్ళు ముందుకి నడిపింది. ఎండాకాలాలు వచ్చిపోతున్నాయి. నైరుతి మూల గది ఒక్కటే ఎప్పుడు చూసినా ఎర్రగా ఉంటోంది. ఇంటి యజమాని నైరుతిలోనే పడుకోవాలన్నారు మా సిద్ధాంతి గారు. ఆ గోడలకి కిటికీ పెట్టకూడదని, అక్కడ బరువు ఎక్కువ ఉండాలని కూడా చెప్పారు. మొత్తం సాయంత్రం ఎండ ఆ గోడలే తాగుతున్నాయి. రాత్రంతా లోపలికి కక్కుతున్నాయి. మా ఇద్దరి దీపాలూ ఆ గదిలోనే ఉన్నాయి.

"ఇప్పుడు గట్టి పరీక్ష," అంది బిందు. "ఏడో ఎండాకాలం. వడగాడ్పు, పైగా కరెంటు లేదు. ఏ ఇంటికైనా ఇది పెట్టి చూస్తాం."

నైరుతి గది ఎరుపు ముదిరి నల్లబడింది. మధ్యాహ్నానికి మా దీపాలు రెండూ సన్నగిల్లాయి. సాయంత్రం కాస్త తేరుకున్నాయి. మర్నాడు ఇంకా సన్నగిల్లాయి. ఆ మర్నాడు రెండూ రెపరెపలాడి, ఒక్కసారిగా, ఒకదాన్నొకటి చూసుకున్నట్టు, ఆరిపోయాయి.

పక్క గదిలో ఆకుపచ్చ దీపం నిక్షేపంగా వెలుగుతోంది.

"అది నేనేగా?" అంది మా అత్త. "చూశారా? నన్ను తీసుకుపోయేవాడు ఇంకా పుట్టలేదు."

బిందు చెయ్యి చాచి నొక్కింది. ఇల్లు మాయమైంది. "లెక్కలో ఏదో తప్పు పడ్డట్టుంది," అంది. నొక్కిన చోటి నుంచి వేలు తియ్యలేదు.

*

ఇద్దరినీ ఒకేసారి తీసుకుపోయేది ఏముంటుంది? బస్సులో వస్తున్నంతసేపూ అదే. స్లాబు కూలితే ఇద్దరం పోతాం. గ్యాసు లీకైతే పోతాం. పిడుగు పడితే, షాకు కొడితే, పాలల్లో ఏదన్నా పడితే. ఇంటికొచ్చాక పొయ్యి ఆర్పి కూడా సిలిండరు దగ్గర ముక్కు పెట్టి వాసన చూడటం మొదలుపెట్టాను. ఫోనులో బిందుకి ఒక్కొక్కటీ చెబితే చివరికి విసుక్కుంది.

"యంత్రానికి గ్యాసూ పిడుగూ తెలియవమ్మా. జబ్బులూ వయసూ కూడా తెలియవు. దానికి తెలిసిందల్లా ఆ ఒళ్ళు వేడిని బయటికి పంపగలుగుతోందా లేదా, అంతే."

"మరి మేమిద్దరం ఎందుకు పంపలేకపోతన్నాం?"

"నాన్న బట్టీ దగ్గర, నువ్వు పొయ్యి దగ్గర. అందుకేమో." మళ్ళీ తనే, "గది మారుస్తానులే. గది మారిస్తే సరిపోద్ది," అంది.

అప్పటినుంచి వచ్చినప్పుడల్లా కొత్త ప్లాను తెచ్చేది. పడమటి గోడకి కిటికీ పెట్టింది. సిద్ధాంతి గారు ఆ కాగితాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. కిటికీ తీసి గోడకి ముందు ఇంకో పలచటి గోడ పెట్టింది. స్లాబు మీద కుండలు బోర్లించి పైన సున్నం పూసింది. దీపాలు ఇంకొన్నాళ్ళు ఎక్కువ వెలిగాయి. తర్వాత ఆరాయి. రెండూ కలిసే ఆరాయి. పిల్ల చిక్కిపోయింది. అన్నం ముందు కూర్చుని గదులు గీసేది, వేలితో, కంచంలో.

మా ఆయనకి ఓపిక పోయింది. మాఘమాసంలో శంకుస్థాపనకి ముహూర్తం పెట్టించి ఉంది.

"బొమ్మలో దీపం ఆరిందని కొంప కట్టుకోవడం మానుకుంటారటే ఎవరన్నా? ఈ రేకుల కింద ఇన్నేళ్ళు బతికినోళ్ళం, స్లాబు కింద చస్తామా?"

"అట్టా అనబాకయ్యా."

"అంటా. వందసార్లంటా. బంకు కాడ అందరూ అడుగుతన్నారు, ఏం బ్రహ్మయ్యా ముగ్గు పోసి వదిలేశావు, గొబ్బెమ్మలు పెడతావా అందులో అని."

పైకి అలా అన్నాడు గాని, ఒక సాయంత్రం నేను స్థలం వైపు వెళ్ళేసరికి ఆయన ఒక్కడే ఉన్నాడు. నైరుతి మూల నిలబడి, చెప్పుతో ఆ గది గీతని చెరుపుతున్నాడు. నన్ను చూసి, "కుక్కలు తొక్కినట్టున్నాయి," అన్నాడు.

*

శంకుస్థాపన రేపనగా సాయంత్రం మేం ముగ్గురం స్థలంలోనే ఉన్నాం. మేస్త్రి మళ్ళీ కొత్తగా సున్నం పోసి వెళ్ళాడు. ఈశాన్యంలో గుంట తవ్వి పెట్టారు. మా అత్త తన గది గీతల్లో చాప మీద ఉంది. నేను నా చిన్న చదరంలో నిలబడి ఉన్నాను. మాఘమాసమే అయినా ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

బిందు బస్సు దిగి తిన్నగా అక్కడికే వచ్చింది. గీతలు చూసుకోకుండా గోడల్లోంచి నడిచి వచ్చేసింది.

"నాన్నా, అమ్మా, ఇద్దరూ వినండి. రేపటి పని ఆపమని చెప్పడానికి రాలేదు నేను," అంది. చేతిసంచి కింద పెట్టి అలాగే నిలబడింది. "మిమ్మల్నిద్దర్నీ విడదీసి చూశాను. నాన్నని నైరుతిలో, అమ్మని తూర్పు గదిలో పెట్టా. నైరుతి దీపం ముందు ఆరింది, తూర్పుది తర్వాత. సరే. ఇప్పుడు అటువాళ్ళని ఇటు, ఇటువాళ్ళని అటు మార్చా. మళ్ళీ నైరుతి దీపం ఆరింది. అదే రోజు, అదే క్షణం. వేరే మనిషి, కాని అదే క్షణం."

"అయితే గదిదే తప్పు," అన్నాడు మా ఆయన. "నేను ముందే అనుకున్నా."

"నన్ను అందులో పెట్టి చూశా నాన్నా. నేను ఆరలేదు. నాయనమ్మని పెట్టా, తనూ ఆరలేదు. గది చెడ్డదే, కాని చంపేంత చెడ్డది కాదు. ఇద్దరు మనుషులు అట్టా ఒక్క క్షణానికి ఆరరు. నీకూ అమ్మకీ బరువు వేరు, వయసు వేరు, తిరిగే తిరుగుడు వేరు. అప్పుడు మీ ఇద్దరి బ్యాండ్లలో లెక్కలు పక్కపక్కన పెట్టాను. ముందే పెట్టాల్సింది. మొదటి రెండు రోజులు తప్ప, తేడా లేదు. నాడి ఒకటే. నిద్ర ఒకటే. ఒకటే ఒళ్ళు."

మా ఆయన ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

"ఎవరో ఒకరు రెండూ కట్టుకున్నారు," అంది బిందు. "తిట్టడానికి అడగట్లేదు. ఆ మనిషికి మధ్యాహ్నం దాటితే చెమట పట్టడం లేదు. పట్టడానికి ఒంట్లో నీళ్ళు లేవు. అట్టా చాలా ఏళ్ళుగా జరిగితేనే ఒళ్ళు అట్టా తయారవుద్ది. లోపల మూత్రపిండాలు ఎట్టా ఉన్నాయో డాక్టరు చూస్తే గాని తెలియదు. అది ఇల్లు మారిస్తే పోయేది కాదు. నీడ తన అలవాటు కొత్తింటికి కూడా తీసుకుపోతుంది."

"ఏడేళ్ళుందిగా ఇంకా," అన్నాడు మా ఆయన.

బిందు తల అడ్డంగా ఊపింది.

"ఏడేళ్ళు ఈ కొత్తింట్లో అయితే. నిన్న ఆ ఒంటిని మన రేకుల ఇంట్లో పెట్టి చూశాను."

"ఊఁ?"

"ఫాల్గుణం దాటితే చైత్రమేగా నాన్నా. ఆ తర్వాత వచ్చే ఎండలు..." అక్కడితో ఆపేసింది. మా ఇద్దరి వైపూ చూసి, "ఎవరు? నాకు ఆ ఒక్క మాట చెప్పండి. రేపు పూజ సంగతి మీరు చూసుకోండి. నేను ఆ మనిషిని పొద్దున్నే గుంటూరు తీసుకెళ్తా," అంది.

మొదట నాకు కలిగింది భయం కాదు. నిజం చెప్పాలంటే హాయి. ఇన్ని రోజులూ సిలిండరు దగ్గర వాసన చూసింది, ఆయన నిద్రలో ఊపిరి తీస్తున్నాడో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, అంతా ఉత్తిదే. ఆయన దీపం అసలు ఆ ఇంట్లోకి వెళ్ళనే లేదు. ఆరడానికి.

ఆ తర్వాత మిగిలిన దీపం ఎవరిదో అర్థమైంది.

ఆయన నా మణికట్టు వైపే చూస్తున్నాడు. ఎండకి నల్లబడ్డ చేతి మీద రెండు బ్యాండ్ల మేర చర్మం ఇంకా తెల్లగా ఉంది. పక్కపక్కనే రెండు గీతలు. నేను కొంగు లాగి కప్పుకున్నాను. ఆయన నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. చెప్పమంటే చెప్పేవాడే. వద్దని నేను కళ్ళతోనే అన్నాను.

నేను చెప్పానా, రేపు ఈ గుంటలో కొబ్బరికాయ కొట్టేవాళ్ళుండరు. ఆయన ఇల్లు మాట ఎత్తడు. పిల్ల గుంటూరుకీ ఇక్కడికీ తిరుగుతూ పని పోగొట్టుకుంటుంది. నా గురించి వీళ్ళు భయపడతారు. భయపడటం నా పని. వేరేవాళ్ళు నా కోసం ఆ పని చేస్తుంటే ఎలా చూడాలో నాకు తెలియదు. ఆయనే కట్టుకున్నాడంటే సరి. డాక్టరు ఆయన్ని చూస్తాడు, ఏమీ లేదంటాడు, అందరూ నవ్వుకుంటూ ఇంటికొస్తారు. కొత్తింట్లో దొడ్డి లోపలే ఉంటుంది. అప్పుడు తాగుతాలే నీళ్ళు. అప్పటిదాకా ఒక్క ఎండాకాలమేగా.

ఒక్క ఎండాకాలం.

బట్టీల వైపు నుంచి పొగ వచ్చి గీతల మీదుగా వెళ్ళింది. తల బద్దలవుతోంది. నుదురు తడుముకుంటే పొడిగా, కాగిన రేకులా ఉంది. బిందు నుదుటి మీద మాత్రం చెమట బొట్లు నిలిచి ఉన్నాయి. మా ఆయన మెడ తడిగా ఉంది. మా అత్త రవికె వీపున అతుక్కుపోయి ఉంది.

"నిన్నేనే, అంత సేపేందే?" అంది మా అత్త. ఎప్పుడు లేచిందో, కర్ర పొడుచుకుంటా నా చదరం గీత దాకా వచ్చి ఆగింది. లోపలికి రాలేదు. అక్కడ తలుపు ఉన్నట్టే బయట నిలబడింది. "నాకు కళ్ళు మసకే గాని గుడ్డివి కాదు. ఒక చేతికి రెండు గడియారాలేందే అని నిన్ను అడగలా నేను?"

బిందు నా వైపు తిరిగింది. నన్ను అది ఎప్పుడూ అలా చూడలేదు. నేను దాన్ని చూసే చూపు అది.

లైను చివర్న బంకు దగ్గర ఎవరో గట్టిగా నవ్వడం ఇక్కడిదాకా వినిపించింది.

"రెండూ నా చేతికే ఉన్నాయే బిందూ," అన్నాను. "ముందు కాసిని మంచినీళ్ళియ్యి."